మిల్లు డ్రైవర్ మనవడి హెడ్‌సెట్

పోయినేడు రంజాన్ పండగైన మూడో రోజు మా ఆపా కొడుకు ఫోన్ చేసి, "మామూ, ఒక హెడ్‌సెట్ కొనుక్కోవాలి. మీరూ కొంచెం మాలూమాత్ చేసి చెప్పండి" అన్నాడు. పేపరోణ్ణి కదా, మాలూమాత్ చేయడమే నా రోజీ అని వాడి నమ్మకం. పాటలు వినేదేమో, రెండు మూడు వేలల్లో దొరుకుతుందిలే అనుకున్నాను. ధర చెప్పాక కాసేపు ఖామోష్ అయిపోయాను. లక్ష దాటింది.

వాడు పైలట్. ఎయిర్‌బస్ ఏ320 కుడి సీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్, నౌకరీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. మండపేటలో బియ్యం మిల్లు డ్రైవర్ మనవడు. ఈ రెండో మాట వాడు చెప్పుకోడు, నేనే అందరికీ చెప్తుంటాను.

మిల్లు డ్రైవరంటే లారీ నడిపేవాడు కాదండీ. మిల్లును నడిపేవాడు. ఇంజిను వేయడం, బెల్టులు చూడటం, ధాన్యం ఏ జోరులో దిగుతోందో, నూక ఎక్కువ పడుతోందా, తవుడు సరిగ్గా విడిపోతోందా అని చెవితోనూ అరచేతితోనూ కనిపెట్టడం ఆయన పని. మండపేట అంటే మిల్లులే కదా. మా అబ్బా ముప్పై నాలుగేళ్ళు ఆ షోర్‌లో నిలబడ్డాడు. సీజన్‌లో పన్నెండు గంటల డ్యూటీ. బేరింగ్ పాడవబోతుంటే మెకానిక్ కంటే ముందు అబ్బా చెవికి తెలిసేదని మిల్లులో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఏ చెవితో ఆయన అన్నం తిన్నాడో ఆ చెవినే మిల్లు తినేసింది.

చెవులకి అడ్డం ఏం పెట్టుకునేవాడని మీరడగొచ్చు. అత్తరు ఫాయా. జుమ్మా నాడు చెవి మడతలో పెట్టుకునే దూది ఉంటుందే, దాన్నే కొంచెం లోపలికి తోసేవాడు. "బస్, ఇది చాలు" అనేవాడు. దూది అంత షోర్‌ని ఆపదని ఆయనకి చెప్పినవాడు లేడు. యజమానికీ తెలియదు, మాకూ తెలియదు. ఆయన దగ్గర మాత్రం ఎప్పుడూ ఊక వాసన, దాని మీద మజ్మూఆ అత్తరు వాసన.

చెవుడు ఒక్కరోజులో రాదు. చప్పుడు లేకుండా వస్తుంది. మా ఇంట్లో మొదట తెలిసింది దస్తర్‌ఖాన్ దగ్గర. అమ్మీ కప్పు అంటే పప్పు గిన్నె జరిపేవాడు. షాదీ కబురు చెప్తే "ఆదీయా? ఎందులో ఆదీ?" అనేవాడు. మేం పిల్లలం పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత పట్టుబట్టి తెలుగు బీఏ. వ్యాకరణం క్లాసులో క చ ట త ప పరుషాలని, శ ష స హ ఊష్మాలని బట్టీ పట్టాను. ఇన్నేళ్ళ తర్వాత, ఈ హెడ్‌సెట్ గొడవలో పడి చదువుతుంటే, అబ్బాకి పోయినవి సరిగ్గా అవేనని తెలిసింది. అచ్చులు బలమైన ఆవాజ్‌లు, కింది స్వరంలో ఉంటాయి. పరుషాలు, ఊష్మాలు, మన సీన్, షీన్, ఫే, ఖే... ఇవి సన్నని, పలచని, పై స్వరం ఆవాజ్‌లు. షోర్ వల్ల చెడే చెవి ముందుగా ఆ పై స్వరాల దగ్గర, నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల చెడుతుంది. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని అబ్బాకి వినిపిస్తుంది, ఏం మాట్లాడుతున్నారో అర్థం కాదు. "వినిపిస్తోందిరా, గొణక్కుండా చెప్పు" అని మన మీదే కోప్పడతాడు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి బుజుర్గ్ ఒకరుండే ఉంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయన చెవికి మనం నిజంగానే గొణుగుతున్నట్టు ఉంటుంది.

చెవి ఒకసారి అలా పాడైతే మళ్ళీ బాగవదు. లోపల ఆవాజ్‌ని పట్టే సన్నని రోమకణాలు చచ్చిపోతే కొత్తవి పుట్టవు. ఇలాజ్ లేదు, జాగ్రత్తే ఉంది. జాగ్రత్తకి ఒక హిసాబ్ కూడా ఉంది. 85 డెసిబెల్స్ షోర్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చని అమెరికా ఆరోగ్య సంస్థ ఒకటి లెక్క కట్టింది. అక్కణ్ణుంచి మూడేసి పెరిగిన కొద్దీ టైము సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. మొన్న మండపేట వెళ్ళినప్పుడు ఇంకా నడుస్తున్న ఒక పాత మిల్లులో నిలబడి ఫోన్ యాప్‌తో కొలిచాను. ఫోను పెద్ద నమ్మదగ్గ మీటరేం కాదు, అయినా ముల్లు 91 దగ్గర ఊగింది. రెండు గంటలు ఉండాల్సిన చోట మా అబ్బా పన్నెండు గంటలున్నాడు.

అందుకే భాంజా హెడ్‌సెట్ అనగానే నా దిల్‌లో ముందు మెదిలింది ధర కాదు, చెవి.

వాడు పైలట్ అవుతాననడం కూడా ఒక అఖ్బార్ పుణ్యమే. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే ఒకాయన కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ కావాలని కలగంటే, సియాసత్ ఉర్దూ దినపత్రిక ఎడిటర్ జాహిద్ అలీ ఖాన్ చేయందించారు. 2007లో ఆమె ఏవియేషన్ అకాడమీలో చేరింది. ఆ ఖబర్ కటింగ్ నేనే వీడికి చూపించాను. ఎనిమిదో తరగతి పిల్లాడు దాన్ని పుస్తకంలో పెట్టుకుని వదల్లేదు. తర్వాత దూల్హాభాయ్ కువైట్ కమాయీ, ద్వారపూడి రోడ్డులో కొన్న సైటు, దాని మీద బ్యాంకు అప్పు అన్నీ వాడి 200 గంటల ఎగరడానికి సరిపోయాయి. కమర్షియల్ లైసెన్సుకి మన దేశంలో అన్ని గంటలు కావాలి.

ట్రైనింగ్‌లో వాడు నడిపింది నాలుగు సీట్ల సెస్నా. ముక్కు మీదే ఇంజిను, ముందు ప్రొపెల్లరు. లోపల 90 డెసిబెల్స్ దాటిపోతుంది, అంటే మా మిల్లు లాంటిదే. అక్కడ ఉస్తాద్ ఒకాయన తన పాత ఆకుపచ్చ డేవిడ్ క్లార్క్ వాడికి ఇచ్చాడు. సినిమాల్లో పైలట్ల నెత్తి మీద కనిపించే ఆకుపచ్చ డిప్పలు అవే. 1975 నుంచి ఉన్నాయి. అందులో కరెంటు మాయ ఏమీ లేదు. మందపాటి డిప్ప, మెత్తటి గాదీ, గట్టి స్ప్రింగు. అర కిలో బరువు. తలకి శికంజా బిగించినట్టుంటుంది గానీ పాతికేళ్ళు పనిచేస్తుందంటారు. సెస్నాకి అది బేఫికర్.

ఎయిర్‌బస్ అలా కాదు. ఇంజన్లు వెనక రెక్కల కింద ఉంటాయి. కాక్‌పిట్‌లో వినిపించేది ఎక్కువగా ముక్కుని కోసుకుంటూ పోయే గాలి, ఏసీ ఫ్యాన్ల హోరు. 80కి అటూ ఇటూ. "మరైతే ఫికర్ ఎందుకురా? 85 లోపే కదా?" అన్నాను. నా హిసాబ్ నాకే గొప్పగా అనిపించింది.

"మామూ, ఆ షోర్ వల్ల చెవి పోదు. దాని మీద రేడియో వినాలని వాల్యూమ్ పెంచుతాం చూడండి, దానివల్ల పోతుంది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, చాలామంది పైలట్లు హెడ్‌సెట్ ఒక చెవికే పెట్టుకుంటారట. పక్కన కూర్చున్న కెప్టెన్ మాట నేరుగా వినపడాలి కదా. వీడు కుడి సీటు, కెప్టెన్ ఎడమ పక్క, కాబట్టి ఎడమ చెవి ఖాళీగా వదిలేస్తాడు. రేడియో అంతా కుడి చెవిలో. ఎడమ చెవిలోంచి వచ్చే గాలి హోరుని దాటి వినపడాలంటే కుడి పక్క వాల్యూమ్ పెంచాలి. రోజుకి నాలుగు సెక్టార్లు, ఏడాదికి వందల గంటలు, అన్నీ ఒకే చెవి మీద. విమానంలో ఉండే కంపెనీ హెడ్‌సెట్ అందరి తలల మీదా తిరిగేది, గాదీ నలిగిపోయి సరిగ్గా అతుక్కోదు. వాడు కళ్ళద్దాలు కూడా పెట్టుకుంటాడు. అద్దాల కాడ గాదీకి, తలకి మధ్య సందు చేస్తుంది. ఆ సందులోంచి హోరు లోపలికొస్తుంది. మళ్ళీ వాల్యూమ్.

నాకు మా అబ్బా ఫాయా గుర్తొచ్చింది. వీడి చెవిలో అత్తరు లేదు, అంతే ఫరక్.

ఇంకొకటి విని నాకు నిద్ర పట్టలేదు. పైలట్లకి క్లాస్ వన్ మెడికల్‌లో చెవి ఇమ్తిహాన్ ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్ కంటే, 3000 దగ్గర 50 కంటే ఎక్కువ లోటు ఉండకూడదు. చదివారా? అందులో నాలుగు వేలు లేదు. షోర్ మొదట గుంట తవ్వేది ఆ నాలుగు వేల దగ్గరే. అంటే కాగితం మీద పాసవుతూనే ఒకడి చెవి చెడటం మొదలై ఉండొచ్చు. కాగితం పాసైందని కుర్రాడు ఖుషీగా ఉంటాడు.

రేడియోలో మాట తప్పు వింటే ఏమవుతుందో చెప్పడానికి పైలట్లంతా ఒకే పేరు ఎత్తుతారు, టెనెరీఫ్. 1977 మార్చి 27. కానరీ దీవుల్లో ఒకే రన్‌వే మీద రెండు జంబో విమానాలు, మంచు. ఒకటి ఎగరడానికి పరుగు మొదలెట్టింది. అదే క్షణంలో కంట్రోల్ టవర్ ఆగమని, రెండో విమానం మేమింకా రన్‌వే మీదే ఉన్నామని ఒకేసారి చెప్పారు. రెండు ఆవాజ్‌లు ఢీకొని మొదటి విమానంలో కీచుమనే చప్పుడు మాత్రమే మిగిలింది. 583 మంది పోయారు. అది హెడ్‌సెట్ తప్పు కాదు, రేడియో పద్ధతిది, తొందరపాటుది. కానీ ఆ తర్వాత మాటల మీద జాగ్రత్త పెరిగింది. టేకాఫ్ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప ఇప్పుడు రేడియోలో వాడరు. అంకెలకీ వేరే తలఫ్ఫుజ్ ఉంది. నైన్‌ని నైనర్ అంటారు, ఫైవ్‌ని ఫైఫ్, త్రీని ట్రీ. షోర్‌లో ఏ హల్లు మునిగిపోతుందో తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటు అది. కప్పు, పప్పు తేడా అక్కడ ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక చీజ్ ఎంచుకోవడం. మొదట వాడి దోస్త్ ఒకడు చవక సలహా ఇచ్చాడు. పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ కొని దానికి మైకు తగిలించుకోమన్నాడు. పాతిక, ముప్పై వేలల్లో తేలిపోతుంది. నేను ఒప్పుకోలేదు. విమానం హెడ్‌సెట్‌కి టీఎస్ఓ-సీ139 అని అమెరికా ఏవియేషన్ వాళ్ళ ప్రమాణం ఒకటుంది. పాటల డబ్బాకి అది ఉండదు. బ్యాటరీ అయిపోతే లోపల ఏం మిగులుతుందో తెలియదు. ఇంటి సైటు అమ్మి పైలట్ అయినవాడు చెవి దగ్గర కంజూసీ చేయడం ఏమిటి?

ఈ నాయిస్ క్యాన్సిలింగ్ కథ నాకు భలే నచ్చింది. బెంగాల్ నుంచి తెల్లదొరల పోలీసుల్ని తప్పించుకుని అమెరికా వెళ్ళిన ఒక స్వాతంత్ర్య పోరాటకారుడి కొడుకు అమర్ బోస్. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్‌కి విమానంలో వెళ్తూ, వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్‌లో హోరు తప్ప పాట వినపడక చిరాకుపడి, అక్కడే కాగితం మీద లెక్కలు మొదలెట్టాడట. డిప్ప లోపల చిన్న మైకు పెట్టి, వచ్చే హోరు అలని పట్టుకుని, దానికి సరిగ్గా ఉల్టా అలని పుట్టించడం. మిట్ట ఉన్నచోట పల్లం, పల్లం ఉన్నచోట మిట్ట. రెండూ కలిస్తే ఖామోషీ. 1986లో వాయేజర్ అనే విమానం ఎక్కడా ఆగకుండా తొమ్మిది రోజుల్లో భూమి చుట్టి వచ్చినప్పుడు అందులో ఇద్దరి చెవులనీ కాపాడింది ఆయన నమూనా హెడ్‌సెట్లే. 1989లో బజారుకొచ్చాయి.

ఒక కిటుకు గుర్తుంచుకోవాలి. ఈ ఉల్టా అల కింది స్వరం హోరుని మాత్రమే బాగా చంపుతుంది. ఇంజిను, గాలి, ఫ్యాను, అవి. పై స్వరాలని గాదీలు, చెవి మొగ్గలే ఆపాలి. కాబట్టి హోరు పోయి మాట తేలుతుంది. అప్పుడు వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. నేను మొదట్నుంచీ అన్నిటికంటే ఎక్కువ ఖామోషీ ఇచ్చేది కొందామనే జిద్‌లో ఉన్నాను. వాడు కావాలన్నది ఖామోషీ కాదు. కెప్టెన్ మాట, రేడియో మాట, ఏదైనా వార్నింగ్ మోగితే అది, మూడూ తక్కువ వాల్యూమ్‌లో తెలియాలి. నా జిద్ వదిలేశాను.

చివరికి రెండు మిగిలాయి, రెండూ బోస్ కంపెనీవే. ఏ30 అని పెద్ద డిప్పలది, 400 గ్రాముల పైన. ప్రోఫ్లైట్ అని చెవి మొగ్గలది, 128 గ్రాములు. సెస్నా అయితే పెద్దదే కొనమనేవాణ్ణి. జెట్‌కి, కళ్ళద్దాలవాడికి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర చెమటలు కక్కుతూ కూర్చునేవాడికి చిన్నదే నయం. అద్దాల కాడ అడ్డం రాదు. డిప్ప మీద రెండుసార్లు తడితే పక్కవాడి మాట లోపలికొస్తుంది కాబట్టి ఎడమ చెవి ఖాళీగా వదలక్కర్లేదు. రెండు చెవులూ బరువు పంచుకుంటాయి.

కువైట్‌లో దూల్హాభాయ్ ఆర్డరిచ్చి సెలవుకి వస్తూ తెచ్చాడు. మిఠాయి పంచి, దువా చేసి పెట్టె తెరిస్తే వైరు చివర రెండు గుండ్రటి ప్లగ్గులు. అవి సెస్నాలకి, బోయింగ్‌లకి. ఎయిర్‌బస్‌కి అయిదు సూదుల ఎక్స్ఎల్ఆర్ ప్లగ్గు ఒకటే కావాలి. ఆర్డరిచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు. నేనూ పేజీలకి పేజీలు మాలూమాత్ చేశాను గానీ ప్లగ్గు సంగతి రాయడం మర్చిపోయాను. పేపరోళ్ళ పనులు ఇలాగే ఉంటాయని ఆపా అంది. మళ్ళీ కువైట్ వెళ్ళేవాళ్ళని వెతికి, పంపి, మార్పించి, వచ్చేవాళ్ళ చేత తెప్పించేసరికి రెండున్నర నెలలు. మీరెవరైనా పిల్లలకి కొనబోతే ముందు ప్లగ్గు అడగండి.

డబ్బు సంగతి ఇప్పుడు చెప్తాను, దాటేయాలనుకున్నాను గానీ. అబ్బా చెవి మిషను కోసమని మేం అన్నదమ్ములం కలిపి అరవై వేలు ఆపా దగ్గర ఉంచి రెండేళ్ళయింది. ఆయన కొననివ్వడు. ఒకసారి ట్రయల్‌కి పెట్టుకుని, "గిన్నెల చప్పుడే గట్టిగా వస్తోంది, మనిషి మాట రావట్లేదు" అని తీసి బల్ల మీద పెట్టేశాడు. హెడ్‌సెట్ మాట ఆయన చెవిన ఎలా పడిందో తెలియదు, బహుశా కాగితం మీద రాసి చూపించారు. ఆ అరవై వేలూ వాడికిచ్చేయమన్నాడు. "నావి అయిపోయిన చెవులు. వాడివి చూడండి" అన్నాడు. నేను ఫోన్లో అరిచాను. నిజంగానే అరవాలి కదా ఆయనకి వినపడాలంటే. అయినా ఆయన వినలేదు. ఆపా ఇచ్చేసింది. మిగతాది నేను వేశాను. ఈ విషయంలో నాకు ఆపా మీద ఇప్పటికీ గుస్సా ఉంది.

సరైన ప్లగ్గుతో వచ్చిన రోజు నేను మండపేటలోనే ఉన్నాను. వాడూ రెండు రోజుల ఛుట్టీ మీద వచ్చాడు. వేరే సైజు మొగ్గలు తగిలించి, "నానా, ఒకసారి చూడండి" అని అబ్బా చెవులకి పెట్టాడు. వరండాలో పాత సీలింగ్ ఫ్యాను గడగడా తిరుగుతోంది. వైరు మధ్యలో ఉన్న చిన్న డబ్బా మీద స్విచ్ వేశాడు.

అబ్బా తలెత్తి పైకి చూశాడు. "ఫ్యాను ఎందుకాపారు? ఉక్కపోస్తోంది, వేయండ్రా" అన్నాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆపా నవ్వింది, భాంజా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మిల్లు ఆయనకి వదిలేసిన ఆ కాస్త కింది స్వరం హోరునే ఈ యంత్రం తీసేసింది. యంత్రం మిగిల్చే మాటలు ఆయనకి ఎప్పుడో పోయాయి. లక్ష రూపాయల చీజ్ పెట్టుకుని మా అబ్బా ముప్పావు నిమిషం పూర్తి ఖామోషీలో కూర్చున్నాడు.

తీసి వాడి చేతికిచ్చి, "ఇది పెట్టుకుంటే నీకు మాట వినపడుతుందా?" అని అడిగాడు. వాడు రెండు వేళ్ళు చూపించి, తల ఊపి, పెదాలు కదిలేలా నిదానంగా "రెండు చెవులకీ, నానా" అన్నాడు. అబ్బా "ఆయ్" అన్నాడు, అచ్చం గోదావరి వాళ్ళలా.

మర్నాడు ఫజర్‌కి ముందే వాడు రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు. బ్యాగులో హెడ్‌సెట్, దాని పక్కనే ఆపా కట్టిన టిఫిన్ డబ్బా. ఈ మెడికల్‌లో నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర కూడా కొలిపించి, ఆ కాగితం నాకు పంపమని చెప్పాను. ఏటా పంపాలి. పంపిస్తానన్నాడు.

అబ్బా కోసం వచ్చే సోమవారం రాజమండ్రిలో చెవి డాక్టర్ దగ్గర టైము తీసుకున్నాను. మిషను కొన్నాక ఆడియాలజిస్టు నాలుగైదు సార్లు సరిచేస్తే గిన్నెల చప్పుడు తగ్గుతుందట, మొదటిసారి మేం ఆ ఓపిక పట్టలేదు. డబ్బు మళ్ళీ పోగేస్తున్నాం, మొదటి జీతంలోంచి భాంజా ఇరవై వేలు పంపాడు. అబ్బాకి సంగతి కాగితం మీద రాసి చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వస్తానని అనలేదు. రాననీ అనలేదు.